భద్రత ఎవరికి? కంప్యూటర్ సెక్యూరిటీ సదస్సుల్లో వినిపించని కులం ప్రశ్న

2022 ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో బ్లాక్ హ్యాట్ సదస్సు జరిగింది. కంప్యూటర్ భద్రత రంగంలో ప్రపంచంలోనే పెద్ద వేదికల్లో అదొకటి. అక్కడ సెంటినెల్‌వన్ సంస్థ పరిశోధకులు టామ్ హెగెల్, హువాన్ ఆండ్రెస్ గెరెరో-సాడే భీమా కోరేగావ్ కేసు గురించి మాట్లాడారు. ఒక హ్యాకర్ల ముఠా మనుషుల కంప్యూటర్లలోకి చొరబడి, వాళ్ళను జైలుకు పంపేందుకు పనికొచ్చే ఫైళ్ళను ఎలా పెట్టగలదన్నది వాళ్ళ ప్రసంగ విషయం. ఆ ముఠాకు వాళ్ళు ‘మాడిఫైడ్ ఎలిఫెంట్’ అని పేరు పెట్టారు. అది కనీసం 2012 నుంచి పనిచేస్తోందనీ, దాని పని భారత రాజ్యం ప్రయోజనాలతో బాగా కలుస్తోందనీ అదే ఏడాది ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో రాశారు.

బ్యాంకులు, కార్పొరేట్ కంపెనీలు తమ సర్వర్లను ఎలా కాపాడుకోవాలో చర్చించుకునే చోట 1818లో మహర్ సైనికులు పోరాడిన ఊరి పేరు వినిపించింది. ఆ ప్రసంగం విన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలో మన దేశం వాళ్ళూ ఉండే ఉంటారు, తెలుగు వాళ్ళూ ఉండే ఉంటారు. కానీ అందులోని విషయం మన వాడలకూ, మన సంఘాల ఆఫీసులకూ, మన లాయర్ల టేబుళ్ళ మీదకూ చేరలేదు. ఎందుకు చేరలేదన్నదే ఇక్కడ మా ప్రశ్న. మేము సాఫ్ట్‌వేర్ రాసి బతికినవాళ్ళం, ఇప్పుడు కులాన్నీ టెక్నాలజీనీ కలిపి చదువుతున్నవాళ్ళం. డెవలపర్లుగా ఇలాంటి సదస్సుల్లో కూర్చున్నప్పుడు మాకు అర్థమైన కొన్ని విషయాలను చర్చకు పెడుతున్నాం.

సదస్సులో ఏం జరుగుతుంది?

హ్యాకర్ అంటే దొంగ అనుకోవడం మనకు అలవాటు. ఈ సదస్సుల్లో ఆ మాటకు అర్థం వేరు. ఒక యంత్రం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ విరుగుతుందో విప్పి చూసేవాళ్ళు హ్యాకర్లు. జర్మనీలో కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ 1984 నుంచి, లాస్ వేగాస్‌లో డెఫ్ కాన్ 1993 నుంచి నడుస్తున్నాయి. మన దేశంలో గోవా కేంద్రంగా నల్‌కాన్ 2010లో మొదలైంది. కేరళలో పోలీసు శాఖ భాగస్వామ్యంతో కోకాన్ జరుగుతోంది. ఒక హాల్లో ప్రసంగాలు, పక్క గదిలో తాళాలు తీసే సాధన, ఇంకో గదిలో జట్లుగా కూర్చుని ఆడే హ్యాకింగ్ పోటీలు, బయట ఉద్యోగాలిచ్చే కంపెనీల స్టాళ్ళు. ఇదీ వాటి తీరు.

డెవలపర్‌గా వెళ్ళినవాళ్ళకు అక్కడ మొదట తగిలే దెబ్బ గర్వానికి. మనం ఆరు నెలలు రాసిన కోడ్‌లాంటి దాన్ని వేదిక మీద ఒకరు ఆరు నిమిషాల్లో విరగ్గొట్టి చూపిస్తారు. ఆఫీసులో మనకు నేర్పేది ‘ఇది పనిచేస్తోందా?’ అని అడగడం. అక్కడ అడిగేది ‘దీన్ని చెడ్డవాడు వాడితే ఏమవుతుంది?’ అని. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరమే కంప్యూటర్ భద్రత.

ఈ సదస్సుల్లో చేసే ప్రసంగాలకు బలం ఉంది. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు హైవే మీద వెళ్తున్న జీప్‌ను ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా అదుపులోకి తీసుకుని చూపించారు. బ్లాక్ హ్యాట్‌లో వాళ్ళ ప్రసంగానికి ముందే ఆ సంగతి పత్రికల్లో వచ్చింది. ఫియట్ క్రైస్లర్ కంపెనీ 14 లక్షల వాహనాలను సరిచేయడానికి వెనక్కి పిలిచింది. తప్పు బయటపడితే బాధ్యులు దిద్దుకోవాలి. సెక్యూరిటీ రంగం నమ్మే సూత్రం ఇదే.

మరి ఏడేళ్ళ తర్వాత అదే వేదిక మీద, మనుషుల కంప్యూటర్లలో సాక్ష్యాలు పెట్టారని చెప్పినప్పుడు ఎవరు దిద్దుకున్నారు? జీపులను వెనక్కి పిలిచిన వ్యవస్థలో జైల్లో ఉన్న మనుషులను వెనక్కి పిలిచేవాళ్ళు లేకపోయారు.

ఒక ఈమెయిల్, ఒక ఫోల్డర్, ఏళ్ళ తరబడి జైలు

2017 డిసెంబర్ 31న పుణెలో ఎల్గార్ పరిషత్ సభ జరిగింది. మర్నాడు, 2018 జనవరి 1న, భీమా కోరేగావ్‌కు నివాళికి వెళ్ళిన దళితుల మీద దాడులు జరిగాయి. దర్యాప్తు మాత్రం దాడి చేసినవాళ్ళను వదిలి రచయితలు, లాయర్లు, అధ్యాపకులు, ఉద్యమకారుల వైపు తిరిగింది. మొత్తం 16 మందిని ఉపా చట్టం కింద అరెస్టు చేశారు. వాళ్ళలో నాగపూర్ దళిత లాయర్ సురేంద్ర గాడ్లింగ్, ‘విద్రోహి’ సంపాదకుడు సుధీర్ ధవలే, అంబేద్కర్ కుటుంబంలో అల్లుడైన మేధావి ఆనంద్ తేల్‌తుంబ్డే ఉన్నారు. తేల్‌తుంబ్డే లొంగిపోయిన రోజు 2020 ఏప్రిల్ 14. మన కవి వరవరరావు కూడా ఈ కేసులో నిందితుడే. 2018 ఆగస్టు 28న హైదరాబాద్‌లో ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేసిన పోలీసులు, అంబేద్కర్‌ను ఎందుకు చదువుతారని అడిగిన సంగతి మనకు గుర్తే.

ఈ కేసులో ముఖ్యమైన సాక్ష్యాలు కంప్యూటర్లలో దొరికాయన్న ఉత్తరాలు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థ, రోనా విల్సన్ ల్యాప్‌టాప్ నకలును పరిశీలించి నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 2016 జూన్ 13న వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడిన ఎవరో విల్సన్‌కు ఒక ఫైలు పంపి తెరవమన్నారు. తెరవగానే నెట్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్ రహస్యంగా లోపలికి వచ్చింది. దూరంగా కూర్చున్నవాళ్ళకు ఆ కంప్యూటర్‌ను అప్పజెప్పడమే దాని పని. 22 నెలలు అది అలాగే ఉంది. ఆ కాలంలో ఒక దాచిన ఫోల్డర్ సృష్టించి, అందులో ఉత్తరాలు పెట్టారు. విల్సన్ కంప్యూటర్‌లో ఉన్నది పాత వర్డ్ సాఫ్ట్‌వేర్, ఉత్తరాలు తయారైనది అంతకంటే కొత్త వర్డ్‌లో. వాటిని ఆ కంప్యూటర్‌లో ఎవరూ తెరిచిన జాడే లేదు.

గాడ్లింగ్ కంప్యూటర్ మీదా ఇదే తరహా నివేదిక వచ్చింది. ఫాదర్ స్టాన్ స్వామి కంప్యూటర్‌లో 40కి పైగా ఫైళ్ళు అలా చేరాయని 2022 డిసెంబర్‌లో తేల్చారు. 2019 జూన్ 12న పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకునే ముందు రాత్రి, చొరబడినవాళ్ళు తమ జాడలు తుడుచుకునే ప్రయత్నం చేశారని కూడా ఆ నివేదిక చెప్పింది. సోదా జరగబోతోందని వాళ్ళకు ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. స్టాన్ స్వామి ఆ నివేదిక చూడలేదు. 2021 జూలై 5న, బెయిలు రాకుండానే చనిపోయారు.

ఎన్ఐఏ ఈ నివేదికలను ఒప్పుకోలేదు. చార్జిషీటులో భాగం కాని కాగితాన్ని ఇప్పుడు చూడనక్కరలేదని కోర్టులో వాదించింది. 2022 జూన్‌లో ‘వైర్డ్’ పత్రిక మరో సంగతి బయటపెట్టింది. విల్సన్, వరవరరావు, హనీ బాబు ఈమెయిల్ ఖాతాలకు కొత్తగా రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబరు చేర్చారనీ, అవి పుణె పోలీసు అధికారి ఒకరికి చెందినవనీ రాసింది. ఇవన్నీ విచారణలో తేలాల్సినవే. విల్సన్‌కూ ధవలేకూ బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది 2025 జనవరిలో. ఆరున్నరేళ్ళు గడిచిపోయాయి, అప్పటికింకా ఆరోపణల నమోదు కూడా జరగలేదు.

ఇందులో డెవలపర్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ దాడికి గొప్ప విద్య ఏమీ అవసరం లేదు. నెట్‌వైర్ అప్పట్లో ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి కొనుక్కోగలిగిన సరుకు. పెగాసస్ లాంటి ఖరీదైన ఆయుధమూ తేల్‌తుంబ్డే ఫోన్ మీద వాడారని 2019లోనే తెలిసింది. తర్వాత సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు చూసి, ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందనీ అది పెగాససేనని చెప్పలేమనీ అన్నది. ప్రభుత్వం తమకు సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టు 25న చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ కోర్టులో ప్రకటించారు. ఖరీదైన ఆయుధం గురించి ఇంత చర్చ జరిగింది. చవకది మాత్రం నిశ్శబ్దంగా తన పని చేసుకుపోయింది.

ముప్పు అంచనా ఎవరి కళ్ళతో?

సెక్యూరిటీ సదస్సుల్లో పదేపదే వినిపించే మాట ‘థ్రెట్ మోడల్’. అంటే ముప్పు అంచనా. మన దగ్గర కాపాడుకోవాల్సింది ఏమిటి, దాని మీద కన్నేసింది ఎవరు, వాళ్ళకున్న శక్తి ఎంత, పోతే నష్టం ఎంత? సాఫ్ట్‌వేర్ రాసే ముందు ఈ ప్రశ్నలు వేసుకోమంటారు. మంచి పద్ధతే. కానీ ప్రశ్నలు వేసేవాళ్ళు ఎవరో, జవాబులు కూడా వాళ్ళ అనుభవం మేరకే వస్తాయి. కార్డు నంబరు పోతుందని భయపడేవాళ్ళు కార్డు నంబరును కాపాడతారు. కులం బయటపడితే అద్దె ఇల్లు పోతుందని, ఉద్యోగంలో చిన్నచూపు మొదలవుతుందని భయపడేవాళ్ళు ఆ గదిలో లేకపోతే, కులం అనేది డేటాబేస్‌లో మరో కాలమ్ మాత్రమే అవుతుంది.

ఇది ఊహ కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన ఒక పరిశోధకుడు బయటపెట్టారు. తర్వాత వాటిని తొలగించారు. ఎవరికి ఏది చూపించాలో, ఏది చూపించకూడదో సాఫ్ట్‌వేర్ సరిగా అడ్డుకోకపోవడం అత్యంత సాధారణమైన లోపం. వెబ్ అప్లికేషన్ల లోపాల మీద ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన జాబితాలో మొదటి స్థానం దానిదే. ఏ సదస్సులోనైనా మొదటి రోజు చెప్పే పాఠం అది.

ఇక్కడ పోయింది ఏమిటో మాత్రం ఆ పాఠంలో ఉండదు. ఊళ్ళో మన కులం తెలియడానికి జాబితా అక్కరలేదు, వాడ ఎక్కడుందో అందరికీ తెలుసు. కారంచేడులో, చుండూరులో దాడి చేసినవాళ్ళు ఏ కంప్యూటర్‌నూ అడగలేదు. అంబేద్కర్ పల్లెను అంత కఠినంగా విమర్శించడానికి ఒక కారణం ఇదే, అక్కడ మనిషికి కులం దాటి బతికే చోటు లేదు. నగరం మనకు ఇచ్చింది కొంచెం అజ్ఞాతం. ‘మీరేంటోళ్ళు?’ అని ఇంటి ఓనరు అడిగితే చెప్పాలో వద్దో మనమే తేల్చుకునే చిన్న వెసులుబాటు. పేరు, చిరునామా, కులం ఒకే వరుసలో ఉన్న ఫైలు బయటికొస్తే ఆ వెసులుబాటు పోతుంది. వాడ చుట్టూ ఉన్న గీతను నగరందాకా లాక్కొచ్చే పని అది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, కులాన్ని మార్చుకునే బటన్ లేదు.

దీన్నుంచి ‘కులం లెక్కలే వద్దు’ అనే వాదనకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. మేము ఒప్పుకోం. లెక్క లేకపోతే వాటా లేదు. తెలంగాణలో 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి సర్వేలో ఎస్సీలు 17.43 శాతమని తేలింది. దేశవ్యాప్తంగా జనగణనలో కులాన్ని లెక్కించాలని 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ నిర్ణయించింది. 2027 జనగణన డిజిటల్‌గా జరగబోతోంది. లెక్క కావాలి, కానీ లెక్కకు కావలసింది మొత్తం. ఫలానా ఇంటి నంబరులో ఫలానా కులం ఉందన్న వివరం గణకుడి చేతి నుంచి నివేదికదాకా ఎవరెవరికి కనపడుతుంది, ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది, ఇంకే డేటాతో కలుపుతారు? కులగణనను గెలుచుకున్న ఉద్యమాలు ఇప్పుడు అడగాల్సిన రెండో ప్రశ్న ఇది.

చట్టం ఈ విషయంలో వెనక్కి నడిచింది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో, 2019 బిల్లులో ‘కులం లేదా తెగ’ సున్నితమైన వ్యక్తిగత సమాచారం. దానికి అదనపు రక్షణ ఉండాలన్నారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ వర్గీకరణే లేదు. మన కులం వివరానికీ షాపులో ఇచ్చే ఫోన్ నంబరుకూ తేడా లేకుండా పోయింది. పైగా దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇచ్చే వీలుంది. డేటా ఎక్కువగా ఉన్నది ప్రభుత్వం దగ్గరే, మినహాయింపూ ప్రభుత్వానికే.

ఆ గదిలో ఎవరున్నారు?

బ్లాక్ హ్యాట్ ప్రసంగాల టికెట్టు రెండు వేల డాలర్లకు పైమాటే. విమానం, వీసా, హోటల్ వేరే. మన దేశంలో జరిగే పెద్ద సదస్సులకూ జీతం నుంచి పెట్టుకుని వెళ్ళడం చిన్న కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు కష్టమే. అందుకే చాలామంది కంపెనీ పంపితే వెళ్తారు. కంపెనీ ఎవరిని పంపుతుంది? మేనేజర్‌కు ‘మనవాడు’ అనిపించినవాళ్ళను. రిఫరెన్సులతో నడిచే రంగం ఇది, సదస్సులో కాఫీ దగ్గర కలిసిన పరిచయం మర్నాడు ఉద్యోగమవుతుంది. ఆ కాఫీ దగ్గర మొదట అడిగేది కాలేజీ పేరు, తర్వాత ఊరు, తర్వాత ఇంటిపేరు. మూడో ప్రశ్నతో సంభాషణ చల్లబడటం మాలో చాలామందికి తెలుసు.

టెక్నాలజీలో కులం లేదనేవాళ్ళకు ఇటీవలి చరిత్ర చాలు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర సంస్థ సిస్కో కంపెనీ మీద కులవివక్ష కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరు రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్నాడని సహోద్యోగులకు చెప్పడంతో వివక్ష మొదలైందన్నది అందులోని ఆరోపణ. ఇద్దరు వ్యక్తుల మీద కేసును 2023లో ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద కొనసాగించారు. 2022లో గూగుల్‌లో దళిత హక్కుల కార్యకర్త తేన్మొళి సౌందరరాజన్ ప్రసంగం రద్దయింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లునే వీటో చేశారు. సిస్కో కేసును సెక్యూరిటీ భాషలో చూడండి. ఒక మనిషికి సంబంధించిన సున్నితమైన సమాచారం అనుమతి లేకుండా బయటికి పోయింది, దానివల్ల అతనికి హాని జరిగిందన్నది ఆరోపణ. ఇది డేటా లీక్ కాక మరేమిటి? ఏ సదస్సూ దీన్ని ఆ పేరుతో పిలవదు.

ఇంకో గోడ కూడా ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లోపం చూసి చెప్పినవాళ్ళ మీదే అనుమతి లేకుండా ప్రవేశించారని ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద కేసు పెట్టే అవకాశం ఉంది. పెద్ద కంపెనీలో ఉన్నవాళ్ళకు లాయర్లు ఉంటారు. వాడ నుంచి వచ్చిన మొదటి తరం ఇంజనీరుకు ఇంటి లోన్, ఊళ్ళో అమ్మానాన్నలు ఉంటారు. లోపం కనపడినా నోరు మూసుకోవడమే అతని ‘ముప్పు అంచనా’ అవుతుంది.

ఏం చేయగలం?

మొదటిది, ఈ విద్య టికెట్టు వెనక మాత్రమే లేదు. ‘నల్’ సెక్యూరిటీ సమూహం హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో ఉచిత సమావేశాలు జరుపుతుంది. బ్లాక్ హ్యాట్, డెఫ్ కాన్ ప్రసంగాల వీడియోలు చాలావరకు తర్వాత ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన పిల్లలు గుంపుగా వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళను చూసి చూడనట్టు పోవడం తేలిక, పదిమందిని అలా దాటిపోలేరు.

రెండోది, మన లాయర్లకూ సంఘాలకూ కంప్యూటర్ సాక్ష్యం గురించి తెలుగులో చెప్పాలి. పోలీసులు ఫోను, ల్యాప్‌టాప్ తీసుకెళ్ళేటప్పుడు అందులోని సమాచారానికి ‘హ్యాష్ విలువ’ లెక్కగట్టాలి. అది ఫైళ్ళకు వేలిముద్ర లాంటి ఒక సంఖ్య, లోపల ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. స్వాధీనం చేసుకున్న రోజునే అది పంచనామాలో ఉంటే, తర్వాత స్టేషన్‌లో ఎవరైనా మార్చారో లేదో తేల్చవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ ధృవపత్రం నమూనాలోనే హ్యాష్ విలువ కోసం చోటు పెట్టింది. దాన్ని అడగడం మన హక్కు. అయితే విల్సన్ కేసులో ఆరోపణ వేరు. సోదాకు ముందే ఫైళ్ళు చేరితే హ్యాష్ విలువ ఒక్కటే కాపాడదు. అందుకే పూర్తి నకలు తీసుకోవడం, స్వతంత్ర నిపుణుడితో చూపించుకోవడం కూడా తొలి రోజునుంచే అడగాలి. ఆర్సెనల్ పని సాధ్యమైంది నిందితుల లాయర్లు నకలు సంపాదించగలిగారు కాబట్టే.

మూడోది డెవలపర్లకు. కులం కాలమ్ ఉన్న ఏ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నా మూడు ప్రశ్నలు అడగండి. ఈ వివరం ఇక్కడ నిజంగా అవసరమా? దాన్ని పేరు, చిరునామాలతో కాకుండా విడిగా దాచగలమా? ఎవరు ఎప్పుడు చూశారో నమోదవుతోందా? స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాస్టల్ సీటు, ఇళ్ళ పథకం, అన్నిచోట్లా మన పిల్లల వివరాలే ఉన్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ రాసే కాంట్రాక్టు కంపెనీల్లో ఈ వ్యాసం చదివేవాళ్ళు కొందరు పనిచేస్తూ ఉంటారు. ఈ ప్రశ్నలు అడగడానికి సదస్సు టికెట్టు అక్కరలేదు.

నాలుగోది సదస్సులు జరిపేవాళ్ళకు. దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఉచిత సీట్లతోపాటు ప్రయాణ ఖర్చులూ ఇవ్వండి, ఎంపిక పద్ధతి బయటపెట్టండి. వేధింపులకు వ్యతిరేకంగా రాసుకునే నియమావళిలో మతం, జెండర్ పక్కన కులం అనే మాట చేర్చండి. ప్రభుత్వ డేటాబేస్‌ల లోపాల మీదా, పౌరుల కంప్యూటర్లలో సాక్ష్యాలు పెట్టడం మీదా మన దేశంలోనే, మన వేదికల మీదే ఒక పూట చర్చ పెట్టండి. భీమా కోరేగావ్ ఫైళ్ళ గురించి లాస్ వేగాస్‌లో మాట్లాడగలిగినప్పుడు గోవాలో, కొచ్చిలో, హైదరాబాద్‌లో మాట్లాడటానికి అడ్డమేమిటో చెప్పాల్సింది వాళ్ళే.